వాటా

హన్మకొండ చౌరస్తా, మెట్ల కింద డీటీపీ షాపు.
ఉన్నది ఒక్క డబ్బా, ఎనిమిది జీబీలు.
నాలుగు లినక్స్ ఉంచుకుంది,
మూడు మీసేవ పనులకు కొత్త విండోస్‌కిచ్చిన,
చాలదని రోజూ మూలుగుతది.
మిగిలిన ఒక్కటి ఎక్స్‌పీకి.

అది లేకుంటే ఓదెలు సారు ఫాంట్లు తెరుచుకోవు,
ఒత్తులు రాలిపోతయి,
పెండ్లిపిల్ల పేరు పిచ్చిగీతలైతది.
అందుకే కిటికీలో కిటికీ పెట్టి సాదుతున్న.
పాపం, డబ్బా మొత్తం తనదే అనుకుంటది,
పక్క వాటాల ఎవరున్నరో ఎరుకలేదు.

పొద్దున లేపితే రోజూ ఒక్క తీరుగనే లేస్తది:
సారు దవాఖానకు పోయిననాటి స్నాప్‌షాట్.
ధర్మసాగరం వాళ్ల గృహప్రవేశం కార్డు,
"తమరు సకుటుంబంగా" దగ్గర
కర్సర్ కొట్టుకుంటనే ఉంటది.
ఆ ఇంటికి రంగులు కూడా వెలిసినయి ఇప్పటికి.

గిరాకీతో తెలుగు, జెరాక్స్ ఖాసిం భాయితో ఉర్దూ,
ఫోన్ల యాడితోని గోర్‌బోలీ.
నాలో ఏది ఎన్ని జీబీలు తింటదో
నేను లెక్క చూసుకోలే.

సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ కూతలు.
మూడింట్ల ముందు దేన్ని ఆపాలె?
చెయ్యి ఎక్స్‌పీ మీదికే ఉరికింది.
మార్పులు దాచమంటవా అనడిగింది.
ఇయ్యాల్టి కార్డులు పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి.
వద్దని కొట్టిన.
రేపు మళ్లీ "సకుటుంబంగా" కాడనే లేవనీ.