గుదైబియాలో ఒక మబ్బు

టిఫిన్ డబ్బా మూతకింద చీటీ, పెరుగు మరకతో:
గురువారం వేషాల పోటీ.
ఇంట్ల ఉన్నవాటితోనే సులువుగ చేయాలె. కొనొద్దు.

లాటరీ తీస్తే మనస్వికి మబ్బు వచ్చిందట.
ఎదురింటి పిల్లకు టమాట.
టమాటకేముంది, ఎర్ర చున్నీ చుట్టి
నెత్తిమీద పచ్చ టోపీ పెడితే అయిపాయె.

"మబ్బు ఎట్లుంటదే?" అన్న.
"నీకు తెల్వదా అమ్మా!"
తెల్వక కాదు బిడ్డా.
మన కిటికీకి ఎదురు బిల్డింగు ఏసీల వీపులే కనబడ్తయి.
వాటిపైన ఇంత ఆకాశం ఉంటది గని
మే నెల వచ్చినంక దాన్ని ఎవరన్న చూస్తరా,
కండ్లు మూసుకొని నీడకు ఉరుకుడే.

ఇంట్ల ఉన్నవాటితో అన్నరు కదా,
ఏమేమున్నయో చూసిన.
పరదా అవతల సగం అర్ర వేరేటోళ్ళది, అది లెక్కల రాదు.
ఇవతల రెండు మెత్తలు.
ఖాళీ బాస్మతి సంచి ఒకటి.
ఖుబ్బూస్ కవర్లు నలభై దాక (నేను దేన్నీ పారెయ్య).
లింబాద్రి ఫ్రిజ్‌లు బాగుచేస్తడు గనక
దుకాణం నుంచి బుడగల ప్లాస్టిక్ తెచ్చిండు.
నేను బియ్యం కడిగి వచ్చేసరికి
తండ్రీబిడ్డా ఎదురెదురుంగ కూసోని
బుడగలన్నీ టపటప పేల్చేసిన్రు.

పిన్నీసులకు కిందికి పోయిన.
దర్జీ గులాం రసూల్ తోబుకు గుండీలు కుడ్తున్నడు.
"మబ్బా? ఈ ఎండలనా?" అని ఉర్దూల నవ్విండు.
పన్నెండు లెక్కవెట్టి చేతుల పోసిండు,
పన్నెండూ మళ్ళ కావాలన్నడు.

సంచికి మూడు బొక్కలు. తలకొకటి, చేతులకు రెండు.
అచ్చు లోపలికి పోవాలని తిరగేసిన.
అయినా రొమ్ముమీద ఉల్టా కనబడ్తనే ఉంది, ఇరవై కిలోలు అని.
మా పిల్ల పందొమ్మిదే.

మెత్త విప్పిన.
భీమ్‌గల్‌ల మా అమ్మ నింపిన బూరుగు దూది,
విమానంల బరువు సరిపోక
చీరలు తీసేసి తెచ్చుకున్నది.
లింబాద్రి తల ఆనే కాడ పసుపు తిరిగింది.
ఆ పసుపును వీపు దిక్కు పెట్టిన.
మబ్బుకు వెనుక ఎవరు చూస్తరు?
మనస్వి వాసన చూసి, "మబ్బు కొబ్బరినూనె పెట్టుకుందా?" అన్నది.

రాత్రి ఒంటిగంట అయింది.
సులువు అని రాసిన టీచరమ్మ
ఆ గంటకు నిద్రల ఉండొచ్చు.

గురువారం. స్కూల్ వ్యాన్‌ల మబ్బు పట్టలే,
ముందుసీటు మడిచి ఎక్కించిన్రు.
స్టేజీ మీద ఇంగ్లీషుల రెండు ముక్కలు చెప్పాలె:
నేను మబ్బును, నేను వాన ఇస్తాను.
మొదటి ముక్క చెప్పింది.
రెండోది మరిచిపోయి నిలవడ్డది.
బియ్యం సంచి, లోపల కవర్లు, పైన దూది,
మోచేతుల నుంచి చెమట
బొట్టు, ఇంకో బొట్టు, చెక్కమీద.
ముందు వరుసల ఎవరో గొంతెత్తి
"వాన! వాన!" అన్నరు.
హాలంత చప్పట్లు.
నా బిడ్డ ఎందుకో తెల్వక, అటిటు చూసి,
వంగి సలాం చేసింది.

ప్రైజు రాలే.
మాల్‌ల కొన్న వ్యోమగామికి వచ్చింది.
ఇంట్లనే చేసినమని వాళ్ళమ్మ మైకుల చెప్పింది.

సాయంత్రం మబ్బును విప్పిన.
దూది మెత్తలకు పోయింది. సంచి పొయ్యి కింద పరిచిన.
పిన్నీసులు పదకొండే తేలినయి.
దులిపిన, ఊడ్చిన, మంచం జరిపిన,
రేపు గులాం రసూల్ ముఖం ఎట్ల చూడాలె అనుకుంట పండుకున్న.

లింబాద్రి డ్యూటీ నుంచి వచ్చి, తిని,
లైటు ఆర్పి మెత్తమీద తల పెట్టిండు.
"అబ్బా!" అని ఎగిరి కూసున్నడు.

చీకట్ల గోడ దిక్కు నుంచి
నిద్రవోయిందనుకున్న పిల్ల గొంతు:
"మెరుపు, నాన్నా."