ఐసు ఫ్యాక్టరీకి సెలవు

దసరా వెళ్లిన మూడో రోజు
కంప్రెసర్ చెడిపోయింది.
మెకానిక్ వచ్చేదాకా సెలవన్నారు.
రాత్రి డ్యూటీ దిగిన మేమిద్దరం
ఇంటికి పోకుండా
సింధియా దగ్గర బస్సు దిగి
యారాడ కొండ పట్టాం.

ఎల్లాజీకి గమ్‌బూట్లు తప్ప వేరే జోడు లేదు.
వాటితోనే ఎక్కాడు,
అడుగడుక్కీ లోపలి నీళ్లు
కప్పల్లా అరుస్తుంటే.

మా ఆఫీసు గోడకి ఓ క్యాలెండరుంది.
ఆ ఏడాది ఎప్పుడో అయిపోయింది,
బొమ్మ కోసం ఉంచాం:
మంచు కొండ, దాని మీద చీమంత మనిషి,
చేతిలో కర్ర.
పనిలో చేరిన రోజున ఎల్లాజీ దాన్ని చూసి
"ఇంత ఐసు ఎవుడు నూరీసినాడ్రా?" అన్నాడు.
పదకొండేళ్లుగా
దిమ్మల్ని క్రషర్‌లోకి తోస్తున్నాడు.
మంచంటే వాడికి ముందు చప్పుడు.

సగం కొండకి మబ్బు దిగింది.
జీడిమామిడి తోట మాయమైంది,
తర్వాత దారి,
తర్వాత నడుం దాకా ఎల్లాజీ.
ఓడ కూత మాత్రం
పక్కింటి ముసలాయన దగ్గులా పైకొచ్చింది.
వాడు చెయ్యి చాపి గాలిని తడిమాడు.
ఉప్పుకి పగిలిన వేళ్లు,
ఏ సబ్బుకీ వదలని అమోనియా.
"సప్పుడు లేదు" అన్నాడు.
చాలాసేపు ఆ ఒక్క మాటే.

పైన రెల్లు పూసి ఉంది.
కొండ భుజమంతా తెలుపు.
టన్నుకింతని ఎవరూ రాసుకోనక్కర్లేని తెలుపు,
గాలొస్తే సముద్రం వైపు వంగి
మళ్లీ లేస్తోంది.
కర్ర ఒకటి విరుచుకుని
ఎల్లాజీ దాని మధ్యలో నిలబడ్డాడు.
ఫోటో తియ్యమనలేదు.
నేనూ తియ్యలేదు.

బండ మీద కూర్చుని
రాత్రంతా మంచులో తడిసిన సీతాఫలం చిదిమాం.
చల్లగా ఉండి కూడా
కొరకనిది ఒకటి ఉందని
నా చేతులకి అప్పుడే తెలిసింది.
గింజలు వాడు జేబులో వేసుకున్నాడు.
ఎందుకో అడగలేదు.

పదయ్యేసరికి మబ్బు విడిపోయింది.
కింద క్రేన్లు, ఖనిజం గుట్టలు,
కాలవ అవతల అగ్గిపెట్టంత మా రేకుల షెడ్డు,
దాని ముందు ఐసు కోసం
వరసలో నిలబడ్డ బోట్లు.
అప్పుడే ఫోను మోగింది.
బాగయిందట. రెండింటికి రమ్మన్నారు.

ఎల్లాజీ బూట్లు విప్పి బోర్లించాడు.
రాత్రి కరిగిన ఐసు, గుక్కెడు,
బండ మీద పడి
పల్లం వెతుక్కుంటూ పోయింది.
"దీనికీ పడిందిరా మంచు" అన్నాడు, నవ్వకుండా.

దిగేటప్పుడు
ఆ బూట్లు అరవలేదు.