విరామం, ఇరవై రెండు నిమిషాలు

పాత కాగితం మిల్లు రెండో అంతస్తులో
ఇరవై ఏడు బీరువాలు, ఒక కిటికీ, నేను.
కింద హాల్లో ఎవరో పియానోకి శ్రుతి చేస్తున్నారు,
ఒకే మెట్టు మీద వేలు తట్టి, ఆగి, మళ్ళీ తట్టి,
తలుపు తియ్యని ఇంటిముందు నిలబడ్డవాడిలా.

యాభయ్యో ఉత్సవానికి పుస్తకం వేస్తారట.
"చరిత్ర పన్నెండు పేజీలు చాలు, బొమ్మలు ఎక్కువుండాలి"
అని చెప్పి వెళ్ళింది డైరెక్టరు.

మొదటి పెట్టెలో హిల్క్కా చిట్టాపుస్తకం.
మిల్లులో జీతాల గుమస్తా ఆవిడ.
ఎడమ పేజీలో గుజ్జు కలిపేవాళ్ళ కూలి,
కుడి పేజీలో వయొలిన్ వాళ్ళ దారిఖర్చులు,
రెంటికీ ఒకటే సిరా, ఒకటే పొదుపు.
మొదటి ఏడు టికెట్లు అరవై ఒకటి.
కాఫీ రెండువందల పన్నెండు కప్పులు.
మిగతా కప్పులు ఎవరు తాగారో రాయలేదు.
రాత్రి షిఫ్టు దిగి, మసి చేతులతో
గోడవారన నిలబడి విన్నవాళ్ళని నా ఊహ.
హిల్క్కా అయితే ఊహల్ని చిట్టాకెక్కించదు.

డెబ్బై నాలుగు: ఒక రైతు ఫిర్యాదు.
"మీ చెల్లో మోతకి మా ఆవులు పాలు ఎగేస్తున్నాయి."
జవాబు కార్బన్ కాపీ, దానికి గుండుసూది:
"అయ్యా, అది చెల్లో కాదు, బసూన్. చింతిస్తున్నాం.
ఇందుతో రెండు టికెట్లు."
ఆ రెండు టికెట్ల చింపిన సగాలూ పెట్టెలో ఉన్నాయి.
వచ్చాడన్నమాట!

ఎనభై మూడు దాకా కరపత్రాలన్నీ మిల్లు కాగితమే.
కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే
అక్షరాల వెనక ఒక చేప ఈదుతుంది, నీటిముద్ర.
ఎనభై నాలుగులో కాగితం నున్నగా, తెల్లగా, ఎక్కడిదో.
ఎంతసేపు ఎత్తి పట్టుకున్నా
నా వేళ్ళే కనిపించాయి.

కానీ ఊళ్ళో ఎవర్నడిగినా
డెబ్బై ఒకటి అంటారు.
మార్కెత్తా అనే పందొమ్మిదేళ్ళ పిల్ల
వయోలా వాయించిన రాత్రి.
హాల్లో పట్టేది మూడువందల మంది.
"నేనున్నా అక్కడ" అన్నవాళ్ళు
ఇప్పటికి వెయ్యి దాటారు.

ఆ రాత్రిది టేపు ఒకటుంది.
రికార్డు చేసిన కుర్రాడు కంగారులో
మీట తలకిందులు చేశాడు:
సంగీతం మొదలవగానే ఆపాడు,
విరామం రాగానే నొక్కాడు.
ఇరవై రెండు నిమిషాలు.
కప్పులు. బెంచీల కిర్రు. తడి బూట్లు.
"వాన ఆగిందా?" "ఎక్కడ!"
ఒక పొడి దగ్గు, ఆగకుండా,
బావిలోంచి ఖాళీ బొక్కెన గోడలకు తగులుతూ పైకొచ్చినట్టు.
తర్వాత గంట. అందరూ కూర్చున్న చప్పుడు.
తర్వాత ఎవరూ కదలని
మూడు క్షణాలు.
అంతే, టేపు అక్కడికి సరి.

గురువారం సైమి వచ్చింది, ఎనభై ఆరేళ్ళు.
ఆ రోజుల్లో వాకిట్లో కోట్లు తగిలించే పని ఆవిడది.
తలుపు సందులోంచి ఎంత వినబడితే అంతే విన్నది.
హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టాను.
కప్పుల దగ్గర నవ్వింది.
వాన దగ్గర కిటికీ వైపు చూసింది.
దగ్గు రాగానే
చెయ్యెత్తి నన్ను ఆగమంది, నేనేం మాట్లాడకపోయినా.

"తౌనో," అంది.
"బ్లీచింగ్ సెక్షన్. ఛాతీ నిండా క్లోరిన్.
మా పక్క వాటా. రాత్రంతా గోడ అదిరేది.
ఇక్కడ మాత్రం నోట్లో మఫ్లర్ కుక్కుకుని
విల్లు కిందికి దిగేదాకా బిగబట్టేవాడు.
విరామం వస్తే గానీ దగ్గేవాడు కాడు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది,
లోపల, మనకి దొరకని ఆ ముప్పావుగంటని.

పన్నెండు పేజీల్లో ఈ దగ్గు ఎక్కడ పట్టిద్దును?
బొమ్మ కూడా లేదు.

"మళ్ళీ పెట్టు, మొదట్నుంచి," అంది సైమి,
లేచి, కోటు విప్పి, నా చేతికిచ్చింది.
ఆ గదిలో కొక్కెం లేదు.
పట్టుకునే నిలబడ్డాను.
కింద శ్రుతి చేసేవాడు
పక్క మెట్టుకి వెళ్ళాడు.