అర ఇంచు

బీడీ పాసుబుక్కుల వెనక పేజీలు ఖాళీగున్నయి.
ముందు పేజీలల్ల కార్ఖాన మూసేదాక చుట్టిన లెక్క,
వెయ్యి, ఎనిమిదొందలు, జరమొచ్చిన నాడు నాలుగొందలు.
నేను వెనక నుంచి మొదలువెట్టి రాస్తున్న:
నిలువు. అడ్డం. ఏటవాలు.

కోరుట్ల, బస్టాండు వెనక గల్లీ,
మెహర్‌నిసా ఇంటి ముందర్ర.
ఆమెకు ఇర్వై మూడు, నాకు నలభై నాలుగు.
మేడం అంటె నవ్వుతది.
"కాలు తొక్కక్కా, మాటలు తర్వాత."

మొదటి దినం గుడ్డను గుంజి చూడమన్నది.
నిలువుకు గుంజితె రాలె, మొండిది.
అడ్డానికి జరంత ఒప్పుకున్నది.
మూలలు పట్టి ఏటవాలు గుంజితె
సాగి సాగి చేతిలకెల్లి జారింది.
"మెడ పట్టీకి గిదే. వంపు తిరిగే కాడ
మొండిది పనికిరాదు."
మా అత్తకు చెప్పొస్తె బాగుండుననుకున్న.
ఆమె పోయి ఏడేండ్లాయె.

మిషన్‌కు రెండు దారాలు.
మీదిది అందరికి కనవడ్తది.
కిందిది బాబిన్‌ల చుట్టుకొని చీకట్ల ఉంటది.
రెండు గుడ్డ నడుమ కలిస్తెనే టాకా.
టెన్షన్ మర ఎక్కువ తిప్పితె మీది దారం పుటుక్కు,
తక్కువైతె కింద పిట్టగూడు.
"అంటె టెన్షన్ ఉండాల్నా?"
"ఉండాలక్కా. జరంత."

కత్తెర నాకు కొత్త గాదు.
తునికాకు మీద రేకుముక్క వెట్టి
చూడకుంటనే కోసిన చెయ్యి ఇది.
సుద్దగీత మీద సక్కగ కోసుకుంట పోయిన.
"అయ్యో, గీత మీద గాదు!" లేచి ఉరికొచ్చింది.
గీత కుట్టుకట. కోత ఇంచు అవతలట.
ఆ ఇంచు పేరు మార్జిన్.
రేపు ఒళ్ళు వస్తె విప్పుకోనీకి
ఇయ్యాల్నే లోపల మడిచి పెట్టుడు.
ఆకుకు మార్జిన్ లేకుండె.
రేకు దాటింది పొయ్యిలకే.

కచ్చా కుట్టు: పెద్ద పెద్ద అంగలు, ముడి ఉండది.
పక్కా కుట్టు పడేదాక గుడ్డను పట్టుకోని ఉంటది,
పడ్డంక గుంజి పారేస్తరు.
"దానికి కూలెంత?" అన్న, నవ్వులాటకే.
మెహర్‌నిసా నవ్వలె.
ఆమె పెద్ద దుకాణంల మూడేండ్లు చేసిందట.

పదకొండో దినం నా రైకకు నా కొలతలు.
ఛాతి, నడుము, చంక చుట్టు.
టేపు చల్లగ తగుల్తున్నది.
మెడ కాడి నుంచి కుడి భుజం కొలిసింది,
ఎడమది కొలిసింది, మల్ల కొలిసింది,
నా వెనక నిలవడి చానాసేపు చూసింది.
"ఎడమ భుజం అర ఇంచు కిందికున్నదక్కా."

ఒళ్ళె చాట, చాట మీదికి వంగిన మెడ,
ఇర్వై ఆరేండ్లు.
ఎన్ని రైకలు ఎడమ దిక్కు జారినయో!
పిన్నీసు వెట్టుకున్న, దర్జీని తిట్టిన,
నాకే కట్టుకునుడు రాదనుకున్న.
డాక్టరు చూడలె, సేటు చూడలె,
పక్కల పండినోడు చూడలె.
ఆమె కాయితం మీద రాసింది,
కుడి ఇంత, ఎడమ ఇంత,
పావు కిలో, అర కిలో రాసినట్టు, అంతే.

రెండు ముక్కలు రెండు తీర్ల కోసినం.
సీదా మొఖాలు ఒకదానికొకటి పెట్టి
ఉల్టా దిక్కు కుట్టిన.
చేతులు ఎక్కించంగ కుడిది ఎడమకు పడ్డది,
విప్పిన, మల్ల కుట్టిన.
విప్పుడు గూడ నేర్చుకునే పనేనట.
నా పని నాకే ఇచ్చి మల్ల చెయ్యనిచ్చుడు
కార్ఖానల లేకుండె,
బాగలేనియి ఏరి పైసలు కోసేటోళ్ళు.

రైక వేసుకున్న. జారలె.
అద్దంల చూస్తె భుజాలు సమంగనే అవుపడ్డయి.
చెయ్యి వెట్టి చూసుకుంటె
ఎడమది గట్లనే ఉన్నది, కింద.

ఇంక కాజాలు రాలె నాకు.
ముందుగాల బొక్క కొట్టి, చుట్టు
దగ్గర దగ్గర ముడులు వెయ్యాలె.
మంచి గుడ్డ. కొట్టబుద్ధయితలేదు.
రేపు చూస్త.