చివరి సీటు దాకా

అజ్మాన్‌లో బడి బస్సుకు ఆయమ్మను నేను.
పొద్దున నలభై ఒకటి, సాయంత్రం నలభై ఒకటి.
అందురూ దిగినాక
చివరి సీటు దాకా నడిచి
కిందికి వంగి చూసి
డ్రైవర్ జరీన్‌గుల్‌కు చెయ్యి ఊపాల.
ఆ వంగడానికే నాకు జీతం.
ఎండలో మూసిపెట్టిన బస్సంటే ఏందో
ఈ ఊర్లో ఏ ఆయమ్మకూ చెప్పే పన్లేదు.

తొమ్మిదేండ్లయింది వచ్చి.
సముద్రం నాకు అద్దంలోంచి తెల్సు,
రోడ్డు పక్కన పరిగెత్తే నీలంగీత మాదిరి.
ఈరోజు ఉమ్మల్ కువైన్‌లో పడవెక్కి
దాని మిందనే పోతాండాం.
దీవిలో సముద్రశాస్త్రం క్యాంపంట.
ఆరో తరగతి పిలకాయలు, ఇద్దురు టీచర్లు, నేను.
నారింజరంగు తేలే కోటు
నా చున్నీని పట్టుకోని వదల్లేదు.

దీవంటే కొబ్బరిచెట్లనుకున్న్యా.
బురద.
బురదలోంచి చెక్కిన పెన్సిళ్ళ మాదిరి
వేళ్ళు పైకి లేచి ఉండాయి.
చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనేనంట.
డాక్టర్ మైథా చెప్పింది,
నల్ల అబాయా అంచులు రబ్బరు బూట్లలోకి దోపుకోని,
ఇంగ్లీషు సగం, చేతులు సగం.
మడచెట్టు ఆకు తిప్పి చూపించింది:
ఉప్పునీళ్ళు తాగి, ఆ ఉప్పును ఆకు మిందికి తోసేస్తాదంట.
పిలకాయలు నాకి, తూ అన్నారు.
నేనూ నాకినా.
పప్పులోకి చాలదు గానీ, ఉప్పే.

తెల్లగొట్టాల చదరం ఒకటి బురదలో పరిచి
లోపల ఎన్ని ఎండ్రకాయలుండాయో రాయమనింది.
ఒకరు పన్నెండు, ఒకరు పంతొమ్మిది, ఒకరు సున్నా.
అంత అరుస్తాంటే ఎవురొస్తారు బయటికి?
నేనొక పక్క గొంతుకూర్చున్యా,
చెనిక్కాయలు ఒలిచేటప్పుడు కూర్చునే కూర్చోడం.
మొదట పుల్ల మింద ఒక కన్ను లేచింది.
తర్వాత ఒక పెద్ద కొండి, రా రా అన్నెట్టు ఊపుతా.
తర్వాత బురదంతా కదిలింది.
నలభై ఆరు.

డాక్టర్ మైథా నమ్మలేదు.
నా పక్కనే కూర్చునింది, చానాసేపు.
నలభై ఆరు.
కాగితంలో "చూసినవారు" అని ఒక గడి.
పేరడిగింది.
ఓబులమ్మ అనే మాట ఆమె నోట్లో మూడుసార్లు ఇరుక్కునింది.
ఒక పిల్ల అక్షరం అక్షరం చెప్తే రాసుకునింది.
"ఎట్ల లెక్కబెట్టినావ్ ఆంటీ?"
కదలగూడదు నాయనా, అంతే.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పడవ కాడ నలభై.
మళ్ళీ లెక్కబెట్టినా. నలభై.
పోటు మొదలైండాది,
వేళ్ళ సందుల్లో నీళ్ళు చప్పుడు లేకుండా ఎక్కుతాండాయి.
పేరు పెట్టి పిలిస్తే పలకలేదు.
ఎట్ల పలుకుతాడు?
కదలద్దని నేనే చెప్తి గదా.

ఆల్విన్.
చదరం పక్కన బోర్లా పడుకోనుండాడు,
గడ్డం బురదలో, నీళ్ళు మోచేతుల దాకా.
నన్ను చూసినా తల తిప్పలేదు.
వేళ్ళతోనే చెప్పినాడు: నాలుగు, ఏడు.
నీకంటే ఒకటి ఎక్కువ.
చెంప పగలగొట్టాలనిపించింది.
ఎత్తుకున్న్యా, పదకొండేండ్లోణ్ణి, చంటిబిడ్డ మాదిరి.
నడుము పట్టేసింది. ఇంగా ఇడిసిపెట్టలేదు.

చీకటి పడినాక బడి గేటు కాడ అందురూ దిగినారు.
అమ్మలు, నాయనలు, కార్లు, హారన్లు.
చివరి సీటు దాకా నడిచినా. వంగినా.
ఒక నీళ్ళసీసా, మూత ఊడి.
సీటు కింద చీకట్లో
పెద్ద కొండి ఊపుతా
నలభై ఏడోది.

"ఖలాస్?" అన్నాడు ముందర్నించి జరీన్‌గుల్.
చెయ్యి ఊపలేదు.
దాన్ని సీసాలోకి తోలి, చున్నీ కొసతో మూతి కట్టి,
ముందుసీట్లో కూర్చున్యా.
ఈ ఊరి పాయ ఒడ్డున గూడా మడచెట్లుండాయి,
రోజూ అద్దంలోంచి చూసేటివే.
"బండి అట్ల తిప్పు భయ్యా."
డీజిలు లెక్క ఎవురు చెప్తారని
పష్తోలో గొణుక్కుంటానే
ఇండికేటర్ వేసినాడు.