పదిలో ఆరు

ముప్పై కిలోమీటర్ల ఎత్తున,
మేఘం ఎక్కలేని చోట, గద్ద ఎగరలేని చోట,
నాలుగు రోజుల్లో నలభై డిగ్రీలు వేడెక్కింది గాలి.
ఇక్కడ త్సెత్సెర్లెగ్‌లో ఎవరికీ చెమట పట్టలేదు.
కిటికీ అద్దం మీద మంచుపువ్వులు అలాగే ఉన్నాయి.
హీటర్ పక్కన ఆరేసిన నా చేతి తొడుగులు
ఇంకా తడిగానే ఉన్నాయి.

ఉపగ్రహం గాలిని తాకదు.
ప్రాణవాయువు తనలో తాను సణుక్కునే
సన్నని సణుగుడుని
ధ్రువం మీదుగా పోతూ పోతూ వింటుంది.
అది నా తెర మీదికి
ఎర్రటి మరకై వచ్చింది,
గ్లాసు జారి ఒలికిన టీ లాగా.

ఉత్తరాన గిరగిరా తిరిగే గాలి బొంగరం
తూలుతోంది.
పడిందా, చలి కట్లు తెంచుకుని కిందికి దిగుతుంది.
రెండు వారాలకో, మూడింటికో.
మా మీదికో, మరెవరి మీదికో.

నిలబడ్డ పశువుని నిలబడ్డట్టే తీసుకుపోయే చలికి
మా దగ్గర ఒక పేరుంది, జుద్ అని.
ఫోన్‌లో ఇద్దరం ఆ మాట పలకలేదు.

"పైన వేడి, అందుకని కింద చలి అంటావు.
నా పొయ్యి అలా చెయ్యదే"
అంది దరిసురెన్.
నిరుడు నా మాట విని
అరవై మేకల్ని అడ్డికి పావుశేరు అమ్మేసింది.
ఆ చలికాలం గొర్రెపిల్ల పొట్టంత వెచ్చగా గడిచింది.
మార్చిలో సంతలో ఎదురుపడితే
నాతో కాదు, తన గుర్రంతో అంది:
"ఇదుగో చూడు, ఆకాశం చదువుకున్న మనిషి."

అందుకే ఈసారి అంకె చెప్పాను. పదిలో ఆరు.
"మిగతా నాలుగు?"
"అవి నాకు తెలీదు."

ఫోన్‌లో కాసేపు గాలి.
ఎక్కడో ఒక యాక్ దగ్గింది.
ఎవరో పిల్లాడు బకెట్ ఈడ్చుకుపోతున్నాడు.

"మూడొందల మోపులు కొంటాను" అంది చివరికి.
"చలి రాకపోతే
మిగిలిన గడ్డి నువ్వే తిందువు గాని."

నూటొక్క నిమిషాలకి
ఉపగ్రహం మళ్ళీ ధ్రువం దాటింది.
మరక ఇంకాస్త పాకింది.
మళ్ళీ ఫోన్ చేద్దామని తీసి, పక్కన పెట్టేశాను.
అంకె మారలేదు, ఆరే.
ఆమెకి కొత్తగా చెప్పడానికేముంది.

లేచి
తొడుగుల్ని రెండోవైపుకి తిప్పి ఆరేశాను.