తరుగు

మట్టెవాడ గల్లీల నా బైండింగు దుకాణం.
మైదా మెత్తుల మైలుతుత్తం కలిపితే
పుస్తకానికి పురుగు పట్టదు.
మాటకు పడితే నేనేం జేయలేను.

ఇగో, ఈ కట్ట ఇనుగుర్తి ఓదెలుది.
రెండుమార్లు లోక్‌సభకు పోయిండు,
మొన్న ఆషాఢంల మొత్తానికే పోయిండు.
బిడ్డ వినోద టీచరు అట్టపెట్టెల తెచ్చింది:
"మా నాయిన మాట్లాడినయన్ని.
ఎర్రగుడ్డ వెయ్యి. బంగారు అచ్చరాలొద్దు."

ఫారాలు మడతవెట్టుకుంట చదువుతున్న.
చదవకుంట కుట్టేటోడే మంచి పనోడు అనేది మా ఉస్తాదు.
నేను మంచి పనోణ్ని కాదు.

ఒక పుటల ఎనుమాముల మార్కెటు.
మిర్చి బస్తాకు కిలోన్నర తరుగేంది అధ్యక్షా,
గోనె బరువా, తేమ బరువా,
కాంటా ముంగట రైతు మింగిన మాట బరువా
అని అడిగిండు.
జవాబు: సమాచారం సేకరిస్తున్నం.

ఇంకో పుటల ఓడలు.
సముద్రం మొఖం చూడని జిల్లా నుంచి పోయి
రేవుల బిల్లు మీద లేచి నిలబడ్డడు.
ఓదెలుకు ఓడలెందుకని ఎవరో అన్నరు.
"నవ్వులు" అని అచ్చయింది.
నవ్వులైనంక చెప్పిండు గీసుగొండ పిలగాని సంగతి:
పదకొండు నెలల జీతం లేక
ఎక్కడిదో రేవుల, లంగరేసిన ఓడల
టార్పాలిను మీద పడ్డ వాననీళ్లు తాగుతున్నడని.
ఆ పుటల మళ్ల నవ్వులు లేవు.

బీడీలు చుట్టి చుట్టి వేలిగీతలు అరిగిన ఆడోళ్లను
పింఛను మెషిను గుర్తువట్టకపోతే
తప్పు వేలిదా మెషినుదా అని ఒకనాడు.
పాముమందు లేని సర్కారు దవాఖాన మీద ఒకనాడు.
గేటు పడితే కాజీపేటల కాన్పులు ఆగుతయా అని ఒకనాడు.
అన్నిట్ల ఒకటే తీరు.
మూడో నిమిషంల గంట.
ముగించండి.
ముగిస్తున్న అధ్యక్షా, ఒక్క ముచ్చట...
ఆ ఒక్క ముచ్చటే అసలుది.
అది సగమే అచ్చులున్నది.
మాటకూ తీస్తరు తరుగు.

నేను ఎతికేది వేరే.

మా అన్న పనిచేసిన మిల్లుల
సాంచెలు తుక్కు కింద అమ్మిన ఏడు
గంటన్నర చర్చ నడిచింది.
ఆ రోజుది మొత్తం పెట్టింది టీచరు, ఎందుకో.
పద్దెనిమిది మంది మాట్లాడిన్రు.
ఓదెలు పేరు లేదు.
ఎనుక నుంచి తిప్పి చూసిన. లేదు.
ఆ ఏడంత మా అన్న
టిఫిను డబ్బ సైకిలుకు తగిలేసుకొని
గేటు దాక పోయి, తాళం చూసి, వాపసు వచ్చేది.
డబ్బల బువ్వ మధ్యాహ్నం ఇంట్లనే తినేది.

టీచరును అడిగిన. గట్టిగనే అడిగిన.
ఆమె బ్యాగుల నుంచి ఒక మడతకాయితం తీసింది.
"నాలుగుమార్లు లేచిండట. టైమియ్యలే.
అంగి జేబులనే పెట్టుకొని వచ్చిండు."
నిజమో, నాయిన మీది పావురమో.
నాకైతే తెల్వదు.

పెన్సిలు రాత. చెమటకు అక్కడక్కడ అలికినట్టున్నది.
మిల్లోళ్లకు రావల్సిన పైసల లెక్క,
కింద పేర్లు.
నలభై ఒకటోది
కుడికాల మార్కండయ.
ఏత్వం ఎగిరిపోయింది.

"ఇది గూడ కుడతవా?"
"రికార్డుల లేనిది గద."
"లేదు," అన్నది.
పెట్టెలన్నీ తెరిచే ఉన్నయి, ఇద్దరం కొద్దిసేపు
ఫ్యాను కింద కాయితాలు లేవకుంట పట్టుకున్నం.

మగ్గం నేసినోని మనుమణ్ని.
జుజ్‌బందీ సూదిల దారం ఎక్కించి
ఆ రోజు చర్చ ఎనుకనే కుట్టిన.
కుట్టేముంగట చెవి మీది పెన్సిలు తీసి
అన్న పేరుకు ఏత్వం పెట్టిన.
మళ్ల రబ్బరుతోటి తుడిచిన.
ఆయన రాసింది ఆయనది.

ఇప్పుడు కట్ట బరువురాయి కింద ఉన్నది.
పొద్దుగాలకు ఆరుతది.
అంచులు కోసేటప్పుడే
చెయ్యి నిమ్మళంగ పోవాలె.
ఆ కాయితంల ఆఖరి పేరు అంచుకు ఆనుకొని ఉన్నది,
నూలుపోగంత తరుగు పోయినా
మనిషి సగమైతడు.